గట్టు ఎక్కడ వేయాలి: నాఫ్తా విభజన, విశ్లేషణ

సభాధ్యక్షులకు, రసాయనశాస్త్ర విభాగం అధ్యాపకులకు, ఈ మధ్యాహ్నపు ఎండలో నాఫ్తా గురించి వినడానికి వచ్చి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నాఫ్తా అనగానే మనవాళ్లలో పెద్దవాళ్లకు ఎరువుల కర్మాగారం గుర్తుకొస్తుంది. సహజవాయువు విరివిగా దొరకని రోజుల్లో అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను మన దేశంలో చాలాచోట్ల నాఫ్తా నుంచే తీసేవారు. చిన్నవాళ్లకు ఆ మాట వాణిజ్య పేజీల్లో ఎగుమతుల పట్టికలో కనిపిస్తుంది తప్ప ఆ ద్రవం కళ్లముందు మెదలదు. నేను ఒక రిఫైనరీ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఆ కాలమంతా మూడు షిఫ్టులలోనూ మా బల్లల మీదికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన సీసాలు నాఫ్తావే. అయినా నాఫ్తా అంటే ఏమిటని అడిగితే ఒక్క మాటలో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అది రెండు గట్ల మధ్య ఉన్న పొలం లాంటిది. ముడిచమురును మరిగించినప్పుడు ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రత దాకా వచ్చినదాన్ని పక్కకు తీసుకున్నామో ఆ రెండే దాని గట్లు. గట్టు ఒక పది డిగ్రీలు జరిపితే పొలంలో పంటే మారిపోతుంది. ఆ గట్టును ఎవరు, ఎందుకు, ఎక్కడికి జరుపుతారు, జరిపే ముందు ఏమేమి కొలుస్తారు అన్నదే ఈ రోజు నేను చెప్పదలచిన విషయం.

అంకెల్లో చెబితే, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 200 డిగ్రీల లోపు మరిగే హైడ్రోకార్బన్‌ల కలగలుపును నాఫ్తా అంటాం. అందులోని అణువుల్లో కార్బన్ పరమాణువులు 5 నుంచి 12 దాకా ఉంటాయి. ఇంచుమించు 90 డిగ్రీల లోపు మరిగేది లైట్ నాఫ్తా, ఆపైది హెవీ నాఫ్తా. ఇంతవరకు వింటే చాలా సులువుగానే ఉంటుంది. చిక్కంతా ఆ కలగలుపులో ఎన్ని రకాలు ఉన్నాయన్న దగ్గర మొదలవుతుంది. ఒకే అణుసూత్రం ఉండి నిర్మాణం వేరైన అణువులను ఐసోమర్లు అంటారు. హెక్సేన్‌కు 5 ఐసోమర్లు ఉన్నాయి, ఆక్టేన్‌కు 18, డెకేన్‌కు 75. ఇవి వలయం గానీ ద్విబంధం గానీ లేని గొలుసులైన ప్యారఫిన్‌ల లెక్క మాత్రమే. వలయాకారపు నాఫ్తీన్‌లు, బెంజీన్ కుటుంబానికి చెందిన అరోమాటిక్‌లు, బరువైన అణువులను విరగ్గొట్టే క్రాకింగ్ యూనిట్ల నుంచి వచ్చిన సరుకైతే ద్విబంధాలున్న ఒలిఫిన్‌లు, వీటన్నిటికీ విడివిడిగా ఐసోమర్లు ఉన్నాయి. చూడటానికి నీళ్లలా తేటగా ఉండే ఆ ద్రవంలో కొన్ని వందల పదార్థాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

ఈ వందల సంఖ్య ఊహతో చెప్పింది కాదు. ఒక్కొక్కటిగా విడదీసి చూసినవాళ్లు ఉన్నారు. 1855లో అమెరికాలోని యేల్‌లో ఆచార్యుడైన బెంజమిన్ సిల్లిమన్ జూనియర్ పెన్సిల్వేనియా రాతినూనెను మరిగించి, వేర్వేరు వేడిమి దగ్గర దిగిన భాగాలను వేర్వేరుగా పట్టి, ఇది దీపాలకు పనికొస్తుందని నివేదిక రాశాడు. ఆ తర్వాత వచ్చిన కిరోసిన్ యుగంలో దానికంటే ముందు దిగే తేలిక భాగానికి గిరాకీ లేక, చాలాచోట్ల వాగుల్లోకి వదిలేశారు. మోటారు కార్లు వచ్చాక ఆ పారబోసిన సరుకే బంగారమైంది. అది లోపల ఏమిటో తేల్చాలని 1927లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తన 6వ పరిశోధన ప్రాజెక్టును మొదలుపెట్టింది. ఓక్లహామా రాష్ట్రంలోని పాంకా క్షేత్రంలో ఒకే ఒక బావి చమురును తీసుకుని, అందులోని హైడ్రోకార్బన్‌లను శుద్ధరూపంలో ఒకటొకటిగా వేరుచేయడమే ఆ ప్రాజెక్టు పని. చాలాకాలం ఫ్రెడరిక్ రొస్సీని ఆధ్వర్యంలో, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లోనూ, 1950 నుంచి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలోనూ అది దాదాపు నలభై ఏళ్లు నడిచింది. నూరుకు మించిన సైద్ధాంతిక పలకల సామర్థ్యం, అంటే నూరుసార్లకు మించి మరిగించి చల్లబరచినంత పదును గల పొడవాటి స్వేదన కాలమ్‌లు, సిలికాజెల్ మీద అధిశోషణం, నెమ్మదిగా చల్లబరిచి స్ఫటికాలు తీయడం, మరో ద్రవాన్ని కలిపి మరుగు తీరును మార్చడం, ఇలా చేతనైన ఉపాయాలన్నీ వాడారు. అధిశోషణం అంటే ఘనపదార్థపు ఉపరితలం అణువులను తనకు అంటించుకోవడం. ఒక తరం ఉద్యోగంలో చేరి పదవీ విరమణ చేసేంత కాలం ఒకే బావి నూనెతో కుస్తీ పట్టినవాళ్ల ఓపిక గురించి తలచుకున్నప్పుడల్లా, రెండు గంటల్లో క్రొమటోగ్రామ్, అంటే పదార్థాలను శిఖరాలుగా చూపే గీత, రాలేదని విసుక్కున్న నా రోజులు గుర్తొచ్చి సిగ్గేస్తుంది. ఈనాడు మనం యంత్రం తెర మీద ఒక శిఖరాన్ని చూసి ఇది ఫలానా పదార్థమని పేరు పెట్టగలుగుతున్నామంటే, ఆ శుద్ధ నమూనాలు, వాటి మరుగు స్థానాలు, సాంద్రతలు, వక్రీభవన గుణకాలు ఆనాడు కూడబెట్టిన ఆస్తి కాబట్టే.

ఇక విభజన దగ్గరికి వద్దాం. 1957లో కాల్టెక్స్ కట్టగా 1978లో హిందుస్తాన్ పెట్రోలియం చేతికి వచ్చిన విశాఖ రిఫైనరీ అయినా, కోనసీమలోని తాటిపాకలో ఏడాదికి లక్ష టన్నులు కూడా శుద్ధిచేయని ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ అయినా మొదటి మెట్టు ఒకటే. ముడిచమురులోని ఉప్పును నీటితో కడిగి తీసేసి, కొలిమిలో 350 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, ఎత్తయిన కాలమ్‌లోకి వదులుతారు. పూర్వం పల్లెల్లో సారా బట్టీ చూసినవారికి ఇందులో కొత్త ఏమీ ఉండదు. ముందు దిగే సరుకుకు ఘాటెక్కువ, తర్వాత దిగేది పలచన. తేడా ఏమిటంటే బట్టీలో ఆవిరి ఒక్కసారే పైకి వెళ్లి చల్లబడుతుంది. రిఫైనరీ కాలమ్‌లో పదుల సంఖ్యలో ట్రేలు ఉండి, ప్రతి ట్రే మీదా కిందినుంచి ఎక్కే ఆవిరి పైనుంచి దిగే ద్రవాన్ని తాకుతూ, బరువైనదాన్ని కిందకు వదిలి తేలికైనదాన్ని పైకి తీసుకుపోతుంది. పైన చల్లబరిచిన ద్రవంలో కొంత భాగాన్ని మళ్లీ కాలమ్‌లోకే దింపుతారు. దాన్ని రిఫ్లక్స్ అంటారు. రిఫ్లక్స్ పెంచితే వేరుపాటు పదునెక్కుతుంది, కానీ ఇంధనం ఖర్చూ పెరుగుతుంది. చమురు వ్యాపారంలో పదును ఎప్పుడూ ఉచితంగా రాదు.

కాలమ్ తలభాగం నుంచి వచ్చే నాఫ్తాలో వంటగ్యాస్ కూడా కరిగి ఉంటుంది. దాన్ని స్టెబిలైజర్ అనే మరో కాలమ్‌లో తీసేసి, మిగిలినదాన్ని స్ప్లిటర్‌కు పంపుతారు. స్ప్లిటర్‌లో పైనుంచి లైట్ నాఫ్తా, అడుగునుంచి హెవీ నాఫ్తా వస్తాయి. నేను చెప్పే గట్టు తగాదా అంతా ఈ స్ప్లిటర్‌లోనే జరుగుతుంది. కానీ తగాదా తీర్చాలంటే ముందు సర్వేయరు గొలుసు పట్టుకుని రావాలి కదా. ఆ సర్వేయరే ప్రయోగశాల.

మా గొలుసుల్లో అన్నిటికంటే పాతది, ఇప్పటికీ రోజూ వాడేది ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డీ 86 స్వేదన పరీక్ష. 100 మిల్లీలీటర్ల నమూనాను ఫ్లాస్కులో పోసి, నిమిషానికి 4 నుంచి 5 మిల్లీలీటర్లు దిగేలా వేడిని అదుపు చేస్తూ, మొదటి చుక్క పడినప్పుడు ఉష్ణోగ్రత ఎంత, 10 శాతం దిగినప్పుడు ఎంత, 50, 90 శాతాలకు ఎంత, చివరికి ఎంత అని రాసుకుంటాం. చూడటానికి వంటింటి పనిలా ఉంటుంది, కానీ ఇందులో పొరపాట్లకు తలుపులు ఎన్నో ఉన్నాయి. వాతావరణ పీడనాన్నే తీసుకోండి. విశాఖ సముద్రమట్టం దగ్గర ఉంది కనుక సవరణ దాదాపు అక్కరలేదు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడ పీడనం పాదరస కొలతలో 710 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అదే నాఫ్తాను అక్కడ మరిగిస్తే 100 డిగ్రీల దగ్గర రావలసిన అంకె రెండు డిగ్రీలు తక్కువగా కనబడుతుంది. సవరణ సూత్రం వేయడం మరచిపోయిన కుర్రవాడికి, సరుకు చెడ్డదనీ, ఎవరో మధ్యలో తేలికైనదేదో కలిపారనీ అనుమానం వస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు నాఫ్తా తప్పేమీ ఉండదు.

నమూనా తీయడం అంతకంటే పెద్ద తలనొప్పి. ఒక రాత్రి షిఫ్టులో స్టెబిలైజర్ అడుగు నుంచి తీసిన నమూనా ఐసు పెట్టెలో కాకుండా మామూలుగా, మూత సరిగా బిగించకుండా వచ్చి, మా బల్ల మీద రెండు గంటలు కూర్చుంది. అందులోని తేలిక భాగం గాలిలో కలిసిపోయింది. మిగిలినదాన్ని పరీక్షిస్తే మొదటి చుక్క ఉష్ణోగ్రత పెరిగినట్టూ, బాష్పపీడనం తగ్గినట్టూ తేలింది. కంట్రోల్ రూమ్‌లో ఉన్నాయన మా కాగితాన్ని నమ్మి, గ్యాస్ అవసరానికి మించి తీసేస్తున్నామనుకుని కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలర్ వేడి తగ్గించాడు. తెల్లవారేసరికి నిజంగానే గ్యాస్ నాఫ్తాలో మిగిలిపోయి ట్యాంకుకు చేరింది. ఆ రోజు తప్పు యంత్రానిదీ కాదు, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాయనదీ కాదు. వేడిగా వచ్చిన సీసాను వెనక్కి పంపకుండా తీసుకున్న నాది. అప్పటినుంచి సీసాను చేత్తో తాకి చూడకుండా ఏ నమూనాకూ చిట్టాలో నంబరు వేయలేదు. మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. మన చట్టం ప్రకారం 23 డిగ్రీల లోపే మంట అందుకునే నూనెలు క్లాస్ ఏ కిందికి వస్తాయి. నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా నాఫ్తా మంట అందుకుంటుంది. గొట్టంలో వేగంగా పారేటప్పుడు స్థిర విద్యుత్తు కూడా పోగవుతుంది. అందుకే పాత్రకు భూమి తీగ కలపడం, ట్యాంకు నింపడం ఆగాక కొంతసేపు వేచి ఉండి నమూనా తీయడం ఆచారం కోసం పెట్టిన నియమాలు కావు.

స్వేదనం చెప్పేది సరుకు ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు ఉందని మాత్రమే. పొలంలో ఏ పంట ఉందో అది చెప్పదు. దానికి జాతుల లెక్క కావాలి. ప్యారఫిన్‌లు, ఐసోప్యారఫిన్‌లు, ఒలిఫిన్‌లు, నాఫ్తీన్‌లు, అరోమాటిక్‌లు, ఈ అయిదింటి శాతాలను మా భాషలో పియోనా అంటారు. పాత పద్ధతి చూడముచ్చటగా ఉండేది. సన్నటి గాజు గొట్టంలో సిలికాజెల్ నింపి, ప్రతిదీప్తి రంగు కలిపిన నమూనాను పైనుంచి పోసి, ఆల్కహాల్‌తో కిందికి నెట్టేవాళ్లం. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే అరోమాటిక్‌లు నీలంగా, ఒలిఫిన్‌లు పసుపుగా మెరిసేవి, మిగిలినవి మెరవకుండా ఉండిపోయేవి. ఒక్కో పట్టీ పొడవును స్కేలుతో కొలిస్తే శాతం వచ్చేది. ఆ రంగుల గొట్టాన్ని మొదటిసారి చూసిన రోజే రసాయనశాస్త్రం నాకు నచ్చిందంటే అతిశయోక్తి కాదు. అయితే ప్యారఫిన్‌నూ నాఫ్తీన్‌నూ ఆ పద్ధతి వేరుచేయలేదు, బెంజీన్ ఎంత, టోలుయీన్ ఎంత అన్నదీ చెప్పలేదు.

ఆ పని వాయు క్రొమటోగ్రఫీ చేస్తుంది. 1952లో జేమ్స్, మార్టిన్ మొదలుపెట్టిన ఈ పద్ధతికి 1957లో మార్సెల్ గోలే కేశనాళిక వంటి సన్నటి కాలమ్‌ను జోడించాక నాఫ్తా విశ్లేషణ స్వరూపమే మారిపోయింది. మేము వాడే కాలమ్ 100 మీటర్ల పొడవు, లోపలి వ్యాసం పావు మిల్లీమీటరు. గోడలకు సిలికోన్ పూత ఉంటుంది. మైక్రోలీటరులో చిన్న భాగం నాఫ్తా లోపలికి వెళ్తే, హీలియమో హైడ్రోజనో దాన్ని మోసుకుపోతూ ఉండగా, తేలికైన అణువులు ముందు, బరువైనవి వెనుక, ఒకదాని తర్వాత ఒకటి చివరన ఉన్న జ్వాలలోకి వచ్చి కాలుతాయి. ఆ జ్వాల ఇచ్చే సంకేతం కాలిన కార్బన్ మోతాదును బట్టి ఉంటుంది కనుక శిఖరాల వైశాల్యాన్ని దాదాపు నేరుగా బరువు శాతంగా తీసుకోవచ్చు. ఏ శిఖరం ఎవరిదో గుర్తుపట్టడానికి కొవాట్స్ సూచిక ఉంది. అందులో ఋజు ప్యారఫిన్‌లు, అంటే కొమ్మలు లేని తిన్నని గొలుసులు, మైలురాళ్లు. పెంటేన్‌కు 500, హెక్సేన్‌కు 600, హెప్టేన్‌కు 700. మిగిలినవాటి స్థానాన్ని ఆ రాళ్ల మధ్య దూరాన్ని బట్టి చెబుతాం.

యంత్రం ముద్రించి ఇచ్చిన పట్టికను కళ్లు మూసుకుని నమ్మేవాళ్లతో నాకు మొదటినుంచీ పేచీయే. ఈ కాలమ్ మీద బెంజీన్, 1-మిథైల్‌సైక్లోపెంటీన్ అనే ఒలిఫిన్ ఒకేసారి బయటికి వస్తాయి. టోలుయీన్, 2,3,3-ట్రైమిథైల్‌పెంటేన్ కూడా అంతే. ముడిచమురు నుంచి నేరుగా వచ్చిన నాఫ్తాలో ఒలిఫిన్‌లు దాదాపు ఉండవు కనుక మొదటి జంటతో ఇబ్బంది లేదు. అదే బరువైన అడుగు నూనెను విరగ్గొట్టే కోకర్ నుంచి వచ్చిన నాఫ్తానో, క్రాకర్ నాఫ్తానో తెచ్చి పెట్టి, పట్టికలో బెంజీన్ ఎక్కువ చూపిందని గాభరాపడితే తప్పు మనదే. అలాంటి సరుకుకు ఒలిఫిన్‌లను విడిగా పట్టి ఉంచే ఉచ్చులున్న బహుళ కాలమ్ పద్ధతులు వాడాలి.

ఇప్పుడు తగాదా దగ్గరికి వస్తాను. కక్షిదారులు ఇద్దరు. ఒకరు పెట్రోలు తయారుచేసేవారు, మరొకరు పెట్రోరసాయనాలు తయారుచేసేవారు. ఇద్దరికీ నాఫ్తా కావాలి, కానీ ఒకరికి వరం అయినది ఇంకొకరికి శాపం.

పెట్రోలుకు కావలసింది ఆక్టేన్ సంఖ్య. ఋజు హెప్టేన్‌కు సున్న, ఐసోఆక్టేన్‌కు 100 అని పెట్టుకున్న ఆ కొలబద్ద మీద ఋజు హెక్సేన్‌కు 25 మాత్రమే వస్తుంది. అంటే తిన్నని గొలుసులతో నిండిన నాఫ్తాను నేరుగా ఇంజనులో పోస్తే గడగడ కొట్టుకుంటుంది. అందుకే హెవీ నాఫ్తాను, అణువుల ఆకారం మార్చి ఆక్టేన్ పెంచే రిఫార్మర్‌కు పంపుతారు. యూఓపీ సంస్థలో వ్లాదిమిర్ హేన్సెల్ ప్లాటినంను అల్యూమినా మీద పూసి ఉత్ప్రేరకంగా వాడే ప్లాట్‌ఫార్మింగ్‌ను రూపొందించాడు, మొదటి యూనిట్ 1949లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నడిచింది. నగలు చేసుకునే ప్లాటినంను టన్నుల కొద్దీ నూనెకు వాడటమేమిటని అనుకునే రోజులవి; ఒక శాతం కంటే తక్కువ ప్లాటినంతోనే పని జరుగుతుందని చూపడం ఆయన గొప్పతనం. 500 డిగ్రీల దగ్గర మిథైల్‌సైక్లోహెక్సేన్ అనే నాఫ్తీన్ తన హైడ్రోజన్‌ను మూడు అణువులుగా వదులుకుని టోలుయీన్ అవుతుంది. కాబట్టి నాఫ్తీన్‌లు ఎక్కువున్న సరుకు రిఫార్మర్‌కు ప్రీతిపాత్రం. నాఫ్తీన్ శాతానికి అరోమాటిక్ శాతాన్ని రెట్టింపు చేసి కలిపి వచ్చే సంఖ్యను చూసి ఈ సరుకు రిఫార్మర్‌కు ఎంత బాగుంటుందో అంచనా వేస్తాం. ఈ చర్య నుంచి ఊరికే వచ్చే హైడ్రోజన్, డీజిల్ నుంచి గంధకం తీసే యూనిట్లకు ఊపిరి.

తంటా ఆరు కార్బన్‌ల దగ్గర వస్తుంది. సైక్లోహెక్సేన్ 80.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మిథైల్‌సైక్లోపెంటేన్ 71.8 దగ్గర. రెండూ రిఫార్మర్‌లో బెంజీన్‌గా మారతాయి. బెంజీన్ రక్తానికి క్యాన్సర్ తెచ్చే పదార్థం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 పెట్రోలులో బెంజీన్ ఒక శాతానికి మించకూడదు, అరోమాటిక్‌లు 35 శాతానికి మించకూడదు. కనుక పెట్రోలు వైపు వాళ్లు స్ప్లిటర్ గట్టును పైకి, అంటే 85 డిగ్రీలు దాటించి, ఆరు కార్బన్‌ల సరుకంతా లైట్ నాఫ్తాలో పడేలా వేస్తారు. అక్కడినుంచి అది ఐసోమరీకరణ యూనిట్‌కు పోయి, ఉన్న కొద్ది బెంజీన్ హైడ్రోజన్ పట్టి సైక్లోహెక్సేన్ అవుతుంది, తిన్నని హెక్సేన్ కొమ్మలు వేసి ఆక్టేన్ పెంచుకుంటుంది. మరీ పైకి వేస్తే ఇంకో నష్టం ఉంది. ఏడు కార్బన్‌ల కొమ్మల ప్యారఫిన్‌లు 79 డిగ్రీల దగ్గరినుంచే మరగడం మొదలుపెడతాయి. అవి ఐసోమరీకరణ యూనిట్‌లోకి వెళ్తే నిలవకుండా విరిగి గ్యాస్ అవుతాయి. పోనీ గట్టును సరిగ్గా వేసినా బెంజీన్ సున్న కాదు, ఎందుకంటే బరువైన అరోమాటిక్‌లు రిఫార్మర్‌లో తమ కొమ్మలను పోగొట్టుకుని ఎంతో కొంత బెంజీన్‌ను పుట్టిస్తూనే ఉంటాయి.

రెండో కక్షిదారుకు ఇదంతా తలకిందులు. పాలిస్టర్ నూలుకు కావలసిన పారాజైలీన్, నైలాన్‌కు, స్టైరీన్‌కు కావలసిన బెంజీన్ తయారుచేసేవారికి బెంజీన్ పుట్టడమే లాభం. వాళ్లు గట్టును 70 డిగ్రీల దరిదాపుల్లోకి దింపి, మిథైల్‌సైక్లోపెంటేన్ కూడా అడుగు సరుకులోనే పడేలా చూస్తారు. అదే కాలమ్, అదే ముడిచమురు, పదిహేను డిగ్రీల తేడా, రెండు వేర్వేరు వ్యాపారాలు. ఏ రోజు ఏ వ్యాపారం లాభమన్నది పైవాళ్లు చెబుతారు. అలా జరిపితే రిఫార్మర్‌లోకి ఎంత బెంజీన్ బీజం వెళ్తుందో క్రొమటోగ్రామ్ చెబుతుంది. హెవీ నాఫ్తా పైగట్టుకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. రిఫార్మర్‌లోంచి వచ్చాక సరుకు చివరి మరుగు స్థానం సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. పెట్రోలుకు 210 డిగ్రీల హద్దు ఉంది కనుక లోపలికి పోయేది 180 దాటకుండా చూసుకోవడం క్షేమం. దాటితే ఉత్ప్రేరకం మీద మసి కూడా త్వరగా పడుతుంది.

మూడో వాటాదారు ఒకరు ఉన్నారు, ఆయనే క్రాకర్. హాల్దియాలో, పానిపట్‌లో ఉన్నటువంటి నాఫ్తా క్రాకర్‌లలో నాఫ్తాకు నీటి ఆవిరి కలిపి, 800 డిగ్రీలు దాటిన గొట్టాల గుండా సెకనులో కొద్ది భాగం మాత్రమే ఉండేలా దూకిస్తారు. తిన్నని ప్యారఫిన్ గొలుసులు విరిగి ఇథిలీన్, ప్రొపిలీన్ అవుతాయి. మామూలు నాఫ్తాలో బరువులో మూడో వంతుకు కొంచెం తక్కువ ఇథిలీన్ వస్తుంది. అరోమాటిక్ వలయాలు మాత్రం ఆ వేడికీ విరగవు, గొట్టాల గోడలకు బొగ్గై అంటుకుంటాయి. అంటే రిఫార్మర్‌కు తీపైనది క్రాకర్‌కు చేదు. మరుగు స్థానాన్ని బట్టి వీటిని వేరుచేయలేం, ఎందుకంటే ఋజు హెప్టేన్ 98.4 డిగ్రీల దగ్గర, మిథైల్‌సైక్లోహెక్సేన్ 100.9 దగ్గర మరుగుతాయి. ఇక్కడ స్వేదనం చేతులెత్తేసి ఆకారం చూసే పద్ధతికి దారి ఇస్తుంది. 5ఏ రకం జియోలైట్ అనే సన్న రంధ్రాల స్ఫటికంలో తిన్నని గొలుసు దూరుతుంది. కొమ్మలున్నదీ వలయమున్నదీ దూరలేక బయటే ఉండిపోతాయి. మన ఇళ్లలో చేటతో చెరిగితే బరువును బట్టి వేరుపడతాయి, జల్లెడ పడితే పరిమాణాన్ని బట్టి వేరుపడతాయి; స్వేదనం చేట అయితే జియోలైట్ జల్లెడ. అలా తీసిన తిన్నని ప్యారఫిన్‌లు క్రాకర్‌కు, మిగిలినది రిఫార్మర్‌కు పోతే తగాదా సగం తీరినట్టే, కాకపోతే జల్లెడకు ఖర్చు ఎవరు పెట్టాలన్నది మళ్లీ తగాదా.

బెంజీన్‌ను శుద్ధంగా తీయడం కూడా స్వేదనానికి లొంగని పనే. బెంజీన్, సైక్లోహెక్సేన్ కలిస్తే 77 డిగ్రీల దాటాక రెండూ ఒకే కూర్పుతో కలిసి మరుగుతాయి, ఎన్ని ట్రేలు పెట్టినా విడిపోవు. అందుకే అరోమాటిక్‌లను మాత్రమే ఇష్టపడే సల్ఫోలేన్ అనే ద్రావణితో కడిగి లాగుతారు. ఆ ద్రావణి 280 డిగ్రీలు దాటాక మరుగుతుంది కాబట్టి తర్వాత బెంజీన్‌ను దాని నుంచి తీయడం తేలిక. 1960లో ఏర్పడిన, డెహ్రాడూన్‌లో ఉన్న భారత పెట్రోలియం సంస్థ అరోమాటిక్‌లను ఇలా ద్రావణులతో వేరుచేయడం మీద మన దేశపు అవసరాలకు తగ్గట్టు చాలా పని చేసింది.

శాతాలతో పాటు మచ్చల లెక్క కూడా ఉంది. రిఫార్మర్ ప్లాటినం గంధకాన్ని సహించదు. లోపలికి పోయే నాఫ్తాలో అది పదిలక్షల భాగాలకు అర భాగం దాటకూడదు. అంత చిన్న అంకెను అతినీలలోహిత ప్రతిదీప్తితో కొలుస్తాం. అన్నిటికంటే మోసకారి సిలికాన్. కోకర్ యూనిట్ డ్రమ్ములలో నురుగు పొంగకుండా సిలికోన్ నూనె వేస్తారు. అది వేడికి విరిగి చిన్న ముక్కలై నాఫ్తా మరుగు హద్దుల్లోనే వచ్చి చేరుతుంది, గంధకం తీసే ఉత్ప్రేరకం మీద ఇసుకలా పేరుకుపోయి దాన్ని శాశ్వతంగా చంపేస్తుంది. గంధకం వల్ల పాడైనదాన్ని కొంతవరకు బాగుచేయవచ్చు, సిలికాన్ పట్టినదానికి మందు లేదు. నురుగు మందు కాస్త ఎక్కువ వేసి ఒక షిఫ్టు గట్టెక్కిన సంతోషం, ఆరు నెలల తర్వాత ఉత్ప్రేరకం మార్చేటప్పుడు బిల్లు రూపంలో తిరిగి వస్తుంది.

ఇక మన వంటింటికి దగ్గరి సంగతి. తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంట్లు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. తవుడును అవి కడిగేది హెక్సేన్‌తో. ఆ హెక్సేన్ లైట్ నాఫ్తా నుంచి 63 నుంచి 70 డిగ్రీల మధ్య కోసిన సన్నటి పట్టీ. గట్టు ఇంత సన్నగా వేయడానికి కారణం రెండు వైపులా ఉంది. కింద వదిలేస్తే తేలిక భాగం ప్లాంటులో నుంచి ఆవిరై పోతుంది, మంట ప్రమాదం పెరుగుతుంది. పైన వదిలేస్తే నూనెలోనూ పిండిలోనూ బరువు భాగం మిగిలిపోతుంది. ఆ పట్టీకి కాస్త పైనే బెంజీన్ కాచుకుని ఉంటుంది కనుక, తినే నూనెకు వాడే హెక్సేన్‌లో దాన్ని దాదాపు లేకుండా చేయాలి. ఇందుకోసం హైడ్రోజన్‌తో చర్య జరిపి బెంజీన్‌ను సైక్లోహెక్సేన్‌గా మార్చేస్తారు.

చివరిగా, మీ తరం చూడబోయే మార్పు ఒకటి. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ కనుక రిఫార్మర్ మీద భారం కొంత తగ్గుతుంది. కానీ ఇథనాల్ తనంతట తాను తక్కువ బాష్పపీడనం ఉన్నదే అయినా, పెట్రోలులో కలిశాక మిశ్రమం బాష్పపీడనాన్ని పెంచుతుంది. దాంతో పెట్రోలులో పెంటేన్‌లకు ఉన్న చోటు తగ్గిపోతోంది. ఇంతకాలం 70, 85 డిగ్రీల మధ్య జరిగిన గట్టు తగాదా ఇప్పుడు 36 డిగ్రీల దగ్గర, పెంటేన్ కట్ మీదికి దిగివస్తోంది. అక్కడ తీసేసిన సరుకుకు కొనేవాడు కావాలి. క్రాకర్ ఉన్నచోట దొరుకుతాడు, లేనిచోట ఆ సరుకు ఓడ ఎక్కుతుంది. బయట బల్ల మీద రెండు క్రొమటోగ్రామ్‌లు పరిచి పెట్టాను, ఒకటి 70 దగ్గర కోసిన నాఫ్తాది, ఇంకొకటి 85 దగ్గర కోసినది. సూచిక 600 దాటిన మొదటి కొన్ని శిఖరాలు చూడండి, ఎవరి పొలం ఏదో మీరే చెప్పగలరు. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.